క్రిస్టల్ షాండ్లియరా, గాజు హండీయా? చెన్నై ఫ్లాటుకి ఏది మేలు?

మా పిన్ని కూతురు పెరంబూరులో ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశానికి ఇంకా రెండు నెలల టైముంది. పోయిన వారం మూడు ఫొటోలు పంపి, "అక్కా, వీటిలో ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. మొదటిది కారైకుడి మునీశ్వరన్ కోయిల్ వీధిలో, పాత సామాన్ల కొట్టులో చూసిన ఎనిమిది కొమ్మల క్రిస్టల్ షాండ్లియర్. రెండోది అదే వీధిలో మరో కొట్టులోని గాజు హండీ. మూడు ఇత్తడి గొలుసుల మధ్య నిలిపిన గంట ఆకారపు గాజు పాత్ర, లోపల బల్బు. మూడోది ఇక్కడే లైట్ల షాపులో ఉన్న కొత్త సరుకు, పాతదానిలా కనిపించేలా రంగు వేసింది.

ఫోనులో ఒక్క మాటతో తేల్చే విషయం కాదు. నేను పురసవాక్కంలో, మామగారి కాలం నాటి ఇంట్లో, పదకొండేళ్లుగా క్రిస్టల్ షాండ్లియర్ కింద భోంచేస్తున్నాను. చిన్నప్పుడు షావుకారుపేటలో మా అమ్మమ్మ ఇంటి నడవలో ఆకుపచ్చ హండీ ఉండేది. రెండూ నాకు ప్రాణమే. అయినా మా చెల్లెలికి చెప్పింది మాత్రం హండీయే కొనమని. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు మన ఊళ్లో ఈ లెక్క దీపంతో కాదు, ఫ్యానుతో మొదలవుతుంది. చెన్నైలో హాలు నడినెత్తి ఫ్యానుది. మే నెలలో ఆ చోటును ఎంత అందమైన దీపానికైనా ఎవరూ వదులుకోరు. ఫ్యాను రెక్కల చుట్టుకొలత కాక అడ్డకొలతే నాలుగు అడుగులు. దాని పక్కన దీపం వేలాడదీస్తే రెండు బాధలు. దీపం రెక్కల కంటే పైన ఉంటే, తిరిగే రెక్కల నీడ గోడల మీద గదంతా కొట్టుకుంటూ ఉంటుంది, పది నిమిషాల్లో తలనొప్పి వస్తుంది. రెక్కల కంటే కింద ఉంటే, గాలికి క్రిస్టల్ లోలకాలు రోజంతా ఊగుతాయి. ఆ సవ్వడి మొదట్లో బావుంటుంది కానీ, లోలకాలను పట్టి ఉంచే సన్నటి తీగ కొక్కేలు అరిగిపోయి ఒక్కొక్కటే రాలతాయి. అందుకే మన ఫ్లాట్లలో వేలాడే దీపానికి సరైన చోట్లు రెండే: భోజనాల బల్ల పైన, లేదా గుమ్మం దాటగానే వచ్చే చిన్న నడవ.

ఇప్పుడు కొలతలు. ఫ్లాటు కప్పు ఎత్తు మామూలుగా తొమ్మిదిన్నర నుంచి పది అడుగులు. మనుషులు నడిచే చోట దీపం అడుగుకి, నేలకి మధ్య కనీసం ఏడు అడుగులు ఉండాలి. అంటే నడవలో దీపానికి, గొలుసుకి కలిపి మిగిలేది రెండున్నర, మహా అయితే మూడు అడుగులే. మూడడుగుల పొడవుండే క్రిస్టల్ షాండ్లియర్ గొలుసుతో కలిపి ఆ కొలతలో పట్టదు. బల్ల పైన అయితే ఎవరూ నడవరు కాబట్టి కిందికి దించవచ్చు. బల్ల ఉపరితలం నుంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో దీపం అడుగు ఉంటే ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం కనిపిస్తుంది, వెలుగు కంటిలో పడదు. ఆ లెక్కన బల్ల పైన క్రిస్టల్ కూడా సరిపోతుంది. చిక్కు వెడల్పుతో వస్తుంది. దీపం బల్ల వెడల్పు కంటే ఓ అడుగు తక్కువ ఉంటే లేచేటప్పుడు తల తగలదు. మా చెల్లెలి బల్ల వెడల్పు మూడడుగులు, అంటే దీపం రెండడుగులు మించకూడదు. తను చూసిన షాండ్లియర్ దాదాపు మూడడుగుల వెడల్పు ఉంది.

గది మధ్యలోనే వేలాడదీసే వీలున్నవాళ్లకు ఒక పాత లెక్క ఉంది: గది పొడవు, వెడల్పు అడుగుల్లో కూడితే వచ్చే అంకె, దీపం వెడల్పు అంగుళాల్లో. 12, 16 అడుగుల గదికి 28 అంగుళాల దీపం. సుమారు కొలతే అయినా, కొట్టులో కళ్లు చెదిరినప్పుడు మనల్ని నేల మీద నిలబెడుతుంది. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలులో 19 బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లను చూసి వచ్చినవాళ్లకు మనసులో ఆ మెరుపే ఉండిపోతుంది. అక్కడ కప్పు ఎంత ఎత్తులో ఉందో గుర్తుండదు.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. సీలింగ్ ఫ్యాను నాలుగైదు కిలోలు ఉంటుంది. గాజు నిండుగా ఉన్న ఎనిమిది కొమ్మల షాండ్లియర్ ఇరవై కిలోలు సులువుగా దాటుతుంది. ఫ్యాను కొక్కేనికి దాన్ని తగిలించి దేవుడి మీద భారం వేయకండి. స్లాబు పోసేటప్పుడే ఇనుప కడ్డీలకు చుట్టి వేసిన కొక్కెం అయితే ధైర్యంగా ఉండవచ్చు. తర్వాత డ్రిల్లు వేసి బిగించిన యాంకర్ బోల్టు అయితే పరీక్షించాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం పలక అయితే దానికి ఏ బరువూ వద్దు, దాన్ని దాటుకుని స్లాబుకే బిగించాలి. మా ఎలక్ట్రీషియన్ చేసే పరీక్ష నాకు బాగా నచ్చింది. మనందరి ఇళ్లలో ఉండే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నిండువి రెండు తాడుతో కొక్కేనికి కట్టి, కింద పరుపు వేసి, రాత్రంతా వదిలేస్తాడు. నలభై కిలోలు తెల్లారేదాకా కదలకపోతే ఇరవై కిలోల దీపానికి ఆ కొక్కెం చాలు.

మా ఇల్లు మద్రాస్ టెర్రస్. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుక, సున్నం. ఇలాంటి ఇళ్లలో ఇటుకకు బోల్టు వేస్తే పట్టు ఉండదు, సున్నం రాలిపోతుంది. దూలానికి ఆరపార బోల్టు వేయించాం. పన్నెండు అడుగుల ఎత్తు, దూలం బలం, వెడల్పయిన పాత బల్ల, ఈ మూడూ ఉండబట్టే మాకు క్రిస్టల్ నిలిచింది.

ఇక సరుకు మంచిచెడ్డలు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మన దగ్గర పాత సామాన్ల కొట్లలో మెరిసే ప్రతి గాజూ "బెల్జియం గ్లాసు" అయిపోతుంది. బెల్జియంలో గొప్ప గాజు కార్ఖానాలు ఉన్నమాట నిజం, లీజ్ పట్టణం దగ్గరి వాల్ సాన్ లాంబేర్ 1826 నాటిది. కానీ మన దేశపు రాజులకు, జమీందార్లకు షాండ్లియర్లు అమ్మినవాళ్లలో బర్మింగ్‌హామ్‌లోని ఆస్లర్ కంపెనీ పెద్దది, దానికి కలకత్తాలో దుకాణమే ఉండేది. బొహీమియా, అంటే నేటి చెక్ దేశపు గాజు కూడా బోలెడు వచ్చింది. చెట్టినాడు ఇళ్లకు బర్మా టేకుతో పాటు ఇవన్నీ ఓడల్లో దిగాయి. కాబట్టి దేశం పేరు చూసి ధర కట్టకండి, చేతికి దొరికే ఆనవాళ్లు చూడండి.

నేను చూసేవి ఇవి. లోలకాన్ని పట్టుకోగానే చల్లగా, పరిమాణానికి మించిన బరువుగా ఉండాలి. ప్లాస్టిక్ అయితే వెచ్చగా, తేలికగా ఉంటుంది. రెండు లోలకాలను మెల్లగా తాకిస్తే గాజు ఖంగుమంటుంది, ప్లాస్టిక్ టక్కుమంటుంది. చేత్తో సానబట్టిన లోలకానికి అంచులు వేలికి పదునుగా తెలుస్తాయి. అచ్చులో పోసినదానికి అంచులు గుండ్రంగా ఉండి, పక్కన సన్నటి అతుకు గీత ఉంటుంది. ఇంగ్లండులో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ 1674లో సీసం కలిపిన గాజుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ సీసం వల్లే గాజు సానకు లొంగుతుంది, వెలుగును ఎక్కువగా వంచి రంగులు విరజిమ్ముతుంది.

తర్వాత కొమ్మలు చూడండి. కొవ్వొత్తుల కాలపు గాజు కొమ్మ లోపల గట్టిగా నిండుగా ఉంటుంది, వైరు పోయే దారి ఉండదు. కరెంటు వచ్చాక దానికి వైరును బయటినుంచి చుట్టి ఉంటారు. లోపల బోలుగా, వైరు దూరేలా ఉందంటే అది కరెంటు కాలంలో చేసినదే. ఇత్తడి కొమ్మ బోలుగా ఉండి, మధ్యలో చిన్న తిప్పుడు బిరడా ఉంటే అది గ్యాసు దీపం. కొట్టువాడు "రెండొందల ఏళ్లది" అన్నప్పుడు కొమ్మలో వైరు దారి కనిపిస్తే అతనితో వాదించకండి, ధర దగ్గర గుర్తు పెట్టుకోండి. ఇక విరిగి అతికించిన కొమ్మలు. దొంగనోట్లు చూసే ఊదా లైటు ఒకటి సంచిలో వేసుకెళ్లండి. చీకటి మూలలో కొమ్మల మీద వేస్తే చాలా రకాల జిగుర్లు మెరిసి అతుకు బయటపడుతుంది. ఊడిపోయిన లోలకాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. విరిగిన గాజు కొమ్మకు జోడీ దొరకడం చాలా కష్టం. మాదాంట్లో ఒకటి కొన్నాక తెలిసింది, అతికించినదని. పదకొండేళ్లయినా ఆ కొమ్మ వైపు చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

హండీ విషయంలో ఇన్ని పరీక్షలు లేవు, అది దానికున్న పెద్ద సుగుణం. ఒకటే గాజు పాత్ర. అంచున వేలు తిప్పితే పెచ్చు ఊడిందో లేదో తెలిసిపోతుంది. గొలుసుల పైన ఇంకో చిన్న గాజు గొడుగు ఉండాలి. లోపల నూనె దీపమో కొవ్వొత్తో వెలిగే రోజుల్లో మసి కప్పుకు అంటకుండా పెట్టినది అది. చాలా వాటికి ఆ గొడుగు పోయి ఉంటుంది, అప్పుడు ధర తగ్గించమని గట్టిగా అడగవచ్చు. పాత్ర గంట ఆకారంలో ఉండడానికీ కారణం ఉంది: గాలికి దీపం ఆరకుండా. సముద్రపు గాలి వీచే ఊళ్లో వరండాల కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు.

రంగు గురించి మాత్రం జాగ్రత్త. దానిమ్మ గింజ రంగు హండీలు గొప్పగా ఉంటాయి, ఆ ఎరుపు బంగారపు లవణం కలపడం వల్ల వస్తుంది, ధరా అలాగే ఉంటుంది. కానీ దాని కింద పప్పుచారు పోసుకుంటే అన్నం రంగే మారిపోతుంది. భోజనాల బల్లకు తెల్ల గాజు, లేదా చెక్కడం పని ఉన్న పారదర్శకమైన గాజు. రంగుది నడవకి, బాల్కనీకి.

ఏది కొన్నా వైరింగు కొత్తదే. పాత వైరు రబ్బరు తొడుగు వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. ఇత్తడి ఒళ్లున్న ప్రతి దీపానికీ ఎర్త్ వైరు తప్పనిసరి, పాతవాటికి అది ఉండనే ఉండదు. బల్బుల దగ్గర ఒక మాట. క్రిస్టల్ మెరవాలంటే వెలుగు చిన్న చుక్కలా పుట్టాలి. పాలరంగు ఎల్‌ఈడీ పెడితే ఎంత మంచి క్రిస్టలూ చచ్చిపోతుంది. లోపల తీగ కనిపించే పారదర్శక ఎల్‌ఈడీ, 2700 కెల్విన్ వెచ్చటి రంగుది పెట్టండి. ఎనిమిది నలభై వాట్ల బల్బులు కలిపి 320 వాట్లు. నాలుగు వాట్ల ఎల్‌ఈడీలు ఎనిమిది కలిపి 32 వాట్లే, గది వేడెక్కదు. హండీకి దీనికి తలకిందులు: పారదర్శక గాజులో చుక్క వెలుగు కంటిని గుచ్చుతుంది, అక్కడ పాలరంగు బల్బే బావుంటుంది.

శుభ్రం చేయడంలో క్రిస్టల్ మనిషిని కట్టేస్తుంది. చెన్నై బోరు నీళ్లతో కడిగితే ప్రతి లోలకం మీదా తెల్ల మచ్చలు తేలతాయి. నేను బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు మూడు వంతులు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక వంతు కలిపి, నూలు చేతిగుడ్డలతో ఒక్కో లోలకం తుడుస్తాను. ముందుగా మెయిన్ ఆపి, బల్బులు చల్లారాకే. షాండ్లియర్‌ను ఎప్పుడూ చుట్టూ తిప్పకండి, పైనున్న మర వదులై ఊడే ప్రమాదం ఉంది. నిచ్చెన వేసుకుని మనమే చుట్టూ తిరగాలి. నాకు ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి పూర్తి పూట. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే మా చెల్లెలి ఇంట్లో ఆ పూట ఎక్కడినుంచి వస్తుంది?

హండీకీ లోపం ఉంది, దాచను. పైన తెరిచి ఉంటుంది కాబట్టి అక్టోబరు, నవంబరు వానల్లో ఉసుళ్లు వచ్చి అందులోనే పడతాయి. రెండ్రోజులకోసారి దించి దులపాలి. కానీ దించడం రెండు నిమిషాల పని. ఇత్తడి గొలుసులకు ఉప్పుగాలితో చిలుము పడుతుంది, చింతపండు చాలు. అయితే క్రిస్టల్ షాండ్లియర్ ఇత్తడికి బంగారు పూత ఉంటే చింతపండు తాకించకండి, పూత పోతుంది.

మూడోది, కొత్త సరుకు, నేను రెండు మాటల్లో ముగిస్తాను. మన దేశంలో గాజుకు ఫిరోజాబాదు, ఇత్తడికి మొరాదాబాదు పేరుపడ్డ ఊళ్లు, అక్కడి పనివాళ్ల చేతిలో మంచి పనితనం ఉంది. కొత్తదాన్ని కొత్తదిగా అమ్మితే సంతోషంగా కొనవచ్చు. దానికి యాసిడ్ పట్టించి, నల్లరంగు పూసి పాతదని చెప్పడం నాకు నచ్చదు. మా చెల్లెలు చూసినదానిలో లోలకాలు ప్లాస్టిక్‌వి.

ఒక చట్టం సంగతి. అమెరికాలో ఉన్న తమ్ముడు "నాకూ ఒకటి పంపు" అన్నాడట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులను మనం సొంతంగా విదేశాలకు పంపకూడదు, వాటితో వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి. వందేళ్లు దాటినదని అమ్మితే ఆ లైసెన్సు అడిగి చూడండి, బిల్లు తీసుకోండి.

అంచేత కప్పు పదకొండు అడుగులు దాటి, దూలమో నమ్మకమైన కొక్కెమో ఉండి, తుడిచే ఓపిక ఉన్నవాళ్లు క్రిస్టల్‌కే వెళ్లండి, దానికి సాటి లేదు. తొమ్మిదిన్నర అడుగుల ఫ్లాటుకి హండీయే.

నిన్న మా చెల్లెలు తెల్ల హండీకి అడ్వాన్సు ఇచ్చింది. అంచున పెచ్చు లేదు, పైన గాజు గొడుగు అసలుదే ఉంది. ఆదివారం నేను టేపు, రెండు నీళ్ల క్యాన్లు, పరుపు తీసుకుని పెరంబూరు వెళ్తున్నాను. బల్ల నుంచి 32 అంగుళాలు వదిలి గొలుసు కొలత రాసుకుని కారైకుడికి ఫోను చేయాలి.