బొక్కెనాకు లాన్: సాగర్ నగర్‌లో ఆరేళ్ళ అనుభవం

మాది విశాఖపట్నంలోని సాగర్ నగర్. ఇంట్లోంచి సముద్రం కనపడదు గానీ గేటు తుప్పు పట్టే వేగం చూస్తే ఎంత దగ్గరో తెలిసిపోతుంది. ఇంటి ముందు ముప్పై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు జాగా ఉంది. ఇప్పుడు అక్కడ గడ్డికి బదులు బొక్కెనాకు అనే నేల మీద పాకే తీగ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేదాకా అక్కడ రెండు బాదం చెట్ల నీడ ఉండేది. ఆ ఒక్క రోజులో రెండూ వేళ్ళతో సహా పడిపోయాయి. నీడ పోయి ఎండ నేరుగా పడుతోంది కదా అని అందరిలాగే మేమూ మెక్సికన్ గ్రాస్ వేయించాం. మూడు నెలలు చూడముచ్చటగా ఉంది. తర్వాత నాలుగేళ్ళు నేను దానికి జీతం లేని పనివాణ్ణి. రోజూ నీళ్ళు, పదిహేను రోజులకోసారి కత్తిరింపు, మధ్యమధ్య ఎండిపోయిన చోట కొత్త ముక్కలు అతికించడం. మే నెలలో ఇంటి వాడకానికే ట్యాంకరు తెప్పించుకుంటూ, సాయంత్రం గడ్డికి పైపు పట్టుకుని నిలబడాలంటే సిగ్గేసేది.

2019లో గడ్డి మొత్తం పీకించేశాను. నర్సరీలో అడిగితే ముందు వెడేలియా ఇచ్చారు. పసుప్పచ్చ పూలు, నిగనిగలాడే ఆకులు, నీళ్ళు పోయకపోయినా బతుకుతుందన్నారు. అది నిజమే. చంపాలన్నా చావదని మాత్రం చెప్పలేదు. వెనక గోడ పక్కన పెట్టిన పది మొక్కలు నాలుగు నెలల్లో గోడెక్కి, పంపు గుంటలో దిగి, కరివేపాకు చెట్టును చుట్టేశాయి. పీకిన తీగలు కాలనీ చివర గెడ్డలో (చిన్న వాగులో) పడేయించాను. ఆ పని చేసి ఉండకూడదు. ఏడాది తిరిగేసరికి గెడ్డ గట్టు మీద పసుపు పూలు. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తయారు చేసిన వంద ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో దీని పేరు ఉందని తర్వాత చదివాను. మా పెరట్లో ఇప్పటికీ ఏటా రెండు మూడు మొలకలు లేస్తాయి.

రెండోసారి నర్సరీకి వెళ్ళినప్పుడు లిపియా అని పది కవర్లు కొన్నాను. పుస్తకాల్లో ఫైలా నోడిఫ్లోరా అంటారు. ఆ రోజు మా ఇంట్లో మట్టి పనికి వచ్చిన పెద్దావిడది శ్రీకాకుళం వైపు. ఒక కవరు ఎత్తి చూసి నవ్వేసింది. "ఇది బొక్కెనాకు కదేటి బాబూ! మా ఊళ్ళో సెరువు గట్టు నిండా ఇదే ఉంటాది. డబ్బులెట్టి కొన్నావేటి?" అంది. తర్వాతి వారం ఊరెళ్ళి వస్తూ తడిపిన గోనెసంచి నిండా తీగలు తెచ్చిపెట్టింది. మా లాన్‌లో ముప్పాతిక వంతు ఆ సంచిలోదే. నర్సరీ మొక్కలకూ చెరువు గట్టు మొక్కలకూ నాకైతే ఏ తేడా కనపడలేదు.

నాటడం పెద్ద విద్యేం కాదు. మాది ఇసుక కలిసిన ఎర్రమట్టి. జానెడు లోతు తవ్వించి, బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) కలిపి, ఆషాఢంలో వానలు పట్టాక అడుగుకొక ముక్క చొప్పున పెట్టాం. తీగకు ప్రతి కణుపు దగ్గరా వేరు వస్తుంది. అందుకే రెండు మూడు కణుపులున్న ముక్కను పడుకోబెట్టి కాస్త మట్టి కప్పితే చాలు. వినాయక చవితికి సగం నేల కప్పింది, నాగుల చవితికి మట్టి కనపడలేదు. ఆ మూడు నెలలూ కలుపు చేత్తో తీయాల్సిందే. అప్పుడు బద్ధకిస్తే తర్వాత దారికి తేవడం కష్టం. మేం గరిక వేళ్ళు సరిగ్గా ఏరించలేదు, దాని ఫలితం ఇంకా అనుభవిస్తున్నాం.

దగ్గరగా కూర్చుని చూస్తే ముచ్చటైన మొక్క. ఆకు గోరంత ఉంటుంది, కాడ వైపు సన్నగా, కొస వైపు రంపపు పళ్ళతో. పూవు అగ్గిపుల్ల తలకాయంత. మధ్యలో ముదురు ఊదారంగు గుండు, దాని చుట్టూ తెల్లటి చిన్న చిన్న పూలు ఉంగరం పెట్టినట్టు పూస్తాయి. పూసే కొద్దీ గుండు పొడుగవుతుంది, ఉంగరం పైకి జరుగుతూ పోతుంది. ఎండలో ఉన్నచోట నాలుగు వేళ్ళ ఎత్తు దాటదు. రోహిణి కార్తెలో నీళ్ళు తగ్గిస్తే ఆకులు ఇంకా చిన్నవై కాస్త ఊదారంగుకు తిరుగుతాయి. మొదటి ఏడాది అది చూసి చచ్చిపోతోందని టెన్షన్ పడ్డాను. జూన్‌లో రెండు వానలు పడగానే మామూలైపోయింది. ఇప్పుడు ఎండాకాలంలో వారం పది రోజులకోసారి నేల బాగా తడిసేలా పోస్తాను, అంతే. వానాకాలంలో అసలు పైపు తీయను. ఉప్పుగాలికి మందారం ఆకులు మాడాయి గానీ దీనికి ఏమీ కాలేదు. సహజంగానే సముద్రపు ఒడ్డున, ఏటి ఒడ్డున పెరిగే జాతి మరి.

ఇక దెబ్బ తిన్న కథ. మూడో ఏడు తుంగ బాగా లేచింది. పురుగుమందుల షాపులో అడిగితే టు ఫోర్ డి అనే కలుపు మందు ఇచ్చి, తుంగ పోతుందన్నాడు. అది వెడల్పాకు మొక్కలను చంపే మందు, బొక్కెనాకు కూడా వెడల్పాకు మొక్కే కదా అన్న ఆలోచన నాకూ రాలేదు, అడగనూ లేదు. పంపు భుజాన వేసుకుని ఒక మూల కొట్టేశాను. మూడు రోజుల్లో తీగలు మెలికలు తిరిగి, పది రోజులకు మంచం అంత జాగా గోధుమరంగైపోయింది. తుంగ కూడా పైన ఎండింది. రెండు వారాలకు కింద గడ్డల్లోంచి పచ్చగా మళ్ళీ లేచింది. గరిక అయితే చెక్కుచెదరలేదు. ఆ మూల మళ్ళీ నిండడానికి ఒక వానాకాలం పట్టింది. అప్పటినుంచి కలుపు మందు ఊసే ఎత్తలేదు. వాన వెలిశాక నేల మెత్తగా ఉన్నప్పుడు పీట వేసుకుని, తుంగను గడ్డతో సహా తవ్వి తీస్తాను.

దీన్ని తక్కువ పని మొక్క అంటారు. మధ్యలో నిజంగానే పని లేదు. ఉన్న పనంతా అంచుకు చేరింది. వానాకాలంలో తీగ నెలకు అడుగు పైనే పాకుతుంది. సిమెంటు దారి మీదికి వస్తుంది, గులాబీ మడిలోకి దూరుతుంది, పేవర్ బ్లాకుల సందుల్లో వేరు పోసుకుంటుంది. జూలై నుంచి నవంబరు దాకా మూడు వారాలకోసారి పదునైన పారతో అంచు వెంట గీత కొట్టినట్టు నరికి, అవతల పడినవి లాగేయాలి. ముప్పై అడుగుల అంచుకు నాకు ముప్పావు గంట పడుతుంది. ఒకసారి ఊరెళ్ళి రెండు నెలలు వదిలేస్తే ఆ పనికి ఒక ఆదివారం మొత్తం పోయింది. లాగిన ముక్కలు గెడ్డలో వేయను. మెట్ల మీద పరిచి పూర్తిగా ఎండబెట్టాకే కంపోస్టులో వేస్తాను. వెడేలియా నేర్పిన బుద్ధి అది.

తేనెటీగల సంగతి వేరే చెప్పాలి. పూత ఉన్నన్నాళ్ళూ ఉదయం ఎనిమిది దాటాక అవి పూల మీదే ఉంటాయి. మా మనవడు ఒట్టి కాళ్ళతో పరిగెత్తి ఒకసారి కుట్టించుకున్నాడు. ఆ తర్వాత పిల్లలు వచ్చే ముందు ఒకసారి గడ్డి కోసే మెషిన్ తిప్పి పూలు కొట్టేస్తున్నాం. పది రోజులు నిశ్చింత. పూలు కొట్టేసినప్పుడల్లా మా ఆవిడ నన్ను తిడుతుంది, ఎందుకంటే తనకు సీతాకోకచిలుకలు కావాలి. రెక్కల మీద నెమలికన్ను మచ్చలుండే నారింజ రంగు రకం ఒకటి ఈ మొక్క మీద గుడ్లు పెడుతుంది. నల్లటి ముళ్ళ గొంగళిపురుగులు ఆకులు తింటాయి. మందు కొట్టొద్దు. ఓ నెలకు ఆకులు మళ్ళీ వస్తాయి, రెక్కలూ వస్తాయి.

రోజూ నడిచే దారికి ఇది పనికిరాదు. గేటు నుంచి నీళ్ళ మీటరు దాకా మేం అడ్డదారిన నడిచే చోట చారలాగా బోడైపోయింది, చివరికి నాలుగు కడప బండలు వేశాం. అప్పుడప్పుడు తొక్కితే ఫరవాలేదు, కుర్చీలు వేసుకుని కూర్చున్నా తట్టుకుంటుంది. పిల్లలు రోజూ క్రికెట్ ఆడే జాగా అయితే గడ్డే వేసుకోండి. అద్దె ఇంట్లో ఉండి, ఏడాదికి రెండుసార్లు కూడా పార పట్టలేనివాళ్ళు కుండీలతో సరిపెట్టుకోవడం మేలు. సొంత జాగా, మంచి ఎండ, నీళ్ళకు కటకట ఉన్నవాళ్ళకు మాత్రం నేను ధైర్యంగా చెబుతాను. మా ఇంటికి వచ్చి అడిగినవాళ్ళకు తడిపేపర్లో చుట్టి ఊరికే ఇస్తున్నాను, నర్సరీలో కొనకండి.

నీడ ఒక్కటే మిగిలిపోయిన చిక్కు. తూర్పు గోడ పక్కన పొరుగువాళ్ళ మేడ అడ్డొచ్చి మధ్యాహ్నం రెండు గంటలే ఎండ పడుతుంది. అక్కడ తీగలు పొడుగ్గా సాగి, పలచబడి, కింద మట్టి కనపడుతోంది. రెండుసార్లు మళ్ళీ నాటినా అంతే. ఈ వానలకు ఆ నాలుగడుగుల పట్టీలో బొక్కెనాకు తీసేసి సరస్వతి ఆకు పెట్టాను. ప్రస్తుతానికి పచ్చడికి సరిపడా ఉంది.