బాండికూట్, మాంగూస్: ఏది మన మాట?

ఇంగ్లిష్ నిఘంటువుల్లో తెలుగు జాడ వెతికేవాళ్లు ఈ రెండు జంతువుల పేర్లూ చెబుతుంటారు. నా ఓటు మాత్రం మొదటిదానికే.

బాండికూట్ విషయంలో పేచీ లేదు, అది మన పందికొక్కే. శాస్త్రవేత్తలు దాని ప్రజాతికి పెట్టిన పేరు కూడా బాండికోటా. అయితే ఈ మాట ఆస్ట్రేలియా వెళ్లి వేరే జంతువు మీద వాలింది. అక్కడి బాండికూట్ అసలు ఎలుక జాతే కాదు, కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని మోసేది. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. అక్కడివాళ్లు దీన్ని క్రియగానూ వాడారు: పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వుకుపోవడం అని. పందికొక్కు బుద్ధి ఎరిగిన రైతుకి ఈ అర్థం వేరే చెప్పాలా!

మాంగూస్ కథ ఇంత తేటగా లేదు. వినగానే ముంగిస గుర్తొస్తుంది కానీ, నిఘంటువులు మరాఠీ ‘మంగూస్’ని చూపిస్తాయి. దానికి తెలుగు, కన్నడ రూపాలతో చుట్టరికం ఉంది, అంతవరకే. చివరి ‘గూస్’కి పెద్దబాతుతో ఏ సంబంధమూ లేదు. అందుకే బహువచనం మాంగూసెస్ అంటారు, మాంగీస్ అనరు.