టీచరుకు ఏది మేలు: పొద్దుటి నడకా, సాయంత్రపు ఆటా?

ఒంటి ఆరోగ్యం వరకే అయితే నడక చాలు. మన మీద మనకుండే గౌరవం సన్నగిల్లి, దాన్ని మళ్లీ నిలబెట్టుకోవాలంటే మాత్రం నేను ఆటవైపే మొగ్గుతాను. అనంతపురంలో ఉంటూ రోజూ బస్సులో పల్లె హైస్కూలుకు వెళ్లి లెక్కలు చెప్పే టీచరుగా రెండూ చేసి చూశాను.

రోజంతా నిలబడే ఉంటాం కదా, ఇంకా వ్యాయామం ఎందుకని స్టాఫ్ రూములో చాలామంది అంటారు. నిలబడటం వ్యాయామం కాదు. కదలకుండా నిలబడితే పిక్కల్లోకి రక్తం దిగి కాళ్లు బరువెక్కుతాయి, గుండెకు మాత్రం పని పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలి. దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా చేయాలి.

ఆర్ట్స్ కాలేజీ మైదానంలో వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున వేగంగా నడిస్తే ఆ 150 నిమిషాలు పూర్తవుతాయి. ఖర్చు లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడనక్కరలేదు. నడిచిన రోజు మొదటి పీరియడ్‌లో నా గొంతు వేరుగా పలికేది, విసుగు తగ్గేది. అయితే మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే క్యారియర్ సర్ది మొదటి బస్సు అందుకునేసరికే తెల్లవారిపోతుంది. ముందు పోయేది నడకే.

నడకతో నాకు ఇంకో చిక్కు వచ్చింది. బరువు తగ్గాలని మొదలుపెట్టి ప్రతి ఆదివారం తూకం చూసుకునేదాన్ని. ముల్లు కదలలేదు. ఐదు నెలలు క్రమం తప్పకుండా నడిచిన మనిషినైనా, ఆ యంత్రం మీద నుంచి దిగిన ప్రతిసారీ ఓడిపోయినట్టే అనిపించేది. తప్పు నడకది కాదు, నేను పెట్టుకున్న కొలతది.

ఆత్మగౌరవాన్ని కొలవడానికి అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో పది వాక్యాల పట్టీ ఒకటి ప్రచురించారు. నాలో మంచి గుణాలున్నాయా, ఒక్కోసారి ఎందుకూ కొరగానని అనిపిస్తుందా, ఇలాంటివే అందులో ఉంటాయి. బరువు ఊసే లేదు. 1989లో సాన్‌స్ట్రోమ్, మోర్గాన్ అనే పరిశోధకులు వ్యాయామానికీ ఆత్మగౌరవానికీ మధ్య ఒక నిచ్చెన గీశారు. ముందు 'ఈ ఒక్క పని చేయగలను' అనే నమ్మకం పుడుతుంది. అది 'నా ఒంటికి చేతనవుతుంది' అనే భావంగా పెరుగుతుంది, అక్కడి నుంచి మొత్తం తన మీద తనకున్న గౌరవానికి చేరుతుంది. నిన్న రానిది ఈరోజు రావడమే ఆ మొదటి మెట్టు. నడక మనకు ముందే వచ్చు. అందుకే ఆ మెట్టు ఆటలో త్వరగా దొరుకుతుందని నా అభిప్రాయం.

మా బడిలో ఆట అంటే బాల్ బ్యాడ్మింటన్. జూన్ నుంచి ఆగస్టు దాకా మన అనంతపురం గాలికి అయిదు గ్రాముల షటిల్ ఎటు కొడితే ఎటు పోతుందో చెప్పలేం. 27 నుంచి 30 గ్రాములుండే ఉన్ని బంతి ఆ గాలికి కొంత తట్టుకుంటుంది. పైకప్పు అక్కరలేదు, జట్టుకు ఐదుగురు కాబట్టి ఒక్కరి మీదే భారం పడదు. చుడీదార్‌కు బూట్లు వేసుకుని మొదటిసారి దిగిన రోజు పిల్లలు చూస్తారని చేతులు వణికాయి. మూడు వారాలు నా సర్వీసు వల దాటలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "నడుము కింది నుంచి కొట్టండి టీచర్, మణికట్టు తిప్పకండి" అని నేర్పింది. బంతి వల దాటిన సాయంత్రం బస్సులో నిలబడే ఇంటికి వచ్చాను, కాళ్ల నొప్పి గుర్తుకు రాలేదు. లెక్కల్లో వెనకబడిన ఆ అమ్మాయి మరుసటి వారం నుంచి క్లాసులో ధైర్యంగా సందేహాలు అడగసాగింది.

ఆటలో ప్రమాదాలూ ఉన్నాయి. చీలమండ బెణుకుతుంది, మోకాలు పట్టేస్తుంది. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే దిగాలి. అంతకన్నా పెద్ద దెబ్బ మనసుకు తగులుతుంది. బాగా ఆడే కుర్రవాళ్ల మధ్య రోజూ ఓడిపోతూ, వాళ్ల నవ్వులు వింటూ ఉంటే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది. అలాంటి జట్టుకన్నా ఒంటరి నడక నూరు రెట్లు నయం. సాటి స్థాయివాళ్లతో ఆడండి. గెలుపోటములు వదిలేసి, ఈరోజు ఎన్ని సర్వీసులు వల దాటాయో లెక్కపెట్టుకోండి.

యోగా సంగతి క్లుప్తంగా చెబుతాను. మోకాళ్లు అరిగినవాళ్లకు, మెడ పట్టేసేవాళ్లకు అదే మేలు. కొత్త ఆసనం పట్టుబడినప్పుడు ఆ మొదటి మెట్టు అక్కడా ఉంది. కాకపోతే జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, మైదానంలో ఒక్క పూట చేస్తే వచ్చేదేమీ లేదు.

చిన్నపిల్లలున్న తల్లులకు, చివరి బస్సుకు పరుగెత్తేవాళ్లకు నడకే సాధ్యం. వాళ్లు తూకం మానేసి, అదే చుట్టును ఎన్ని నిమిషాల్లో తిరిగారో రాసుకుంటే నడక కూడా నేర్చుకునే విద్య అవుతుంది. నేనిప్పుడు మంగళ, గురు, శనివారాలు ఆడుతున్నాను, మిగతా రోజుల్లో కుదిరితే నడుస్తున్నాను. మా మైదానంలో వల కట్టే స్తంభం ఒకటి ఒరిగిపోయింది. జూన్‌లో బడి తెరిచేలోపు దాన్ని నిలబెట్టించాలి.