ఉదయగిరి చెక్క గరిటెలు: వాడి చూసిన తరువాత

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చేతితో చెక్కే గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందని మన జిల్లాలో చాలామందికి తెలుసు. అయినా వాటిని కొన్నవారిలో ఎక్కువమంది అద్దాల బీరువాలో పెట్టి అతిథులకు చూపించి ఊరుకుంటారు. నేను మాత్రం వాడటానికే కొన్నాను. సంగటి తెడ్డు, వెడల్పాటి పులుసు గరిటె, అట్లకాడ, కొన్ని చెంచాలు, ఫోర్కులు ఉదయగిరిలోనే ఒక పనివారి ఇంట్లో తీసుకుని, మా వంటింట్లో రోజూ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. వంటింటి పనిముట్లుగా ఇవి మంచివి. అయితే వీటిని కొనేవారికి ఆ ఊరి సంగతి కూడా కొంత తెలిసి ఉండాలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఎన్ని రకాల మనుషులు కలిస్తే మన దేశం ఇలా తయారైందో చెప్పడానికి ఉదయగిరి కంటే మంచి ఉదాహరణ మన జిల్లాలో నాకు కనిపించలేదు.

ఒరిస్సా గజపతుల ఏలుబడిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. కోట అంత తేలికగా లొంగలేదు. 1514లో గానీ అది ఆయన వశం కాలేదు. అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని రాయలు తన రాజధానికి తరలించి, హంపిలో కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒరియా రాజుల కోటలో, తెలుగు నేల మీద పూజలందుకున్న దేవుడు కన్నడ దేశంలో గుడి కట్టించుకుని, చివరికి తమిళనాట నిలిచాడన్నమాట. ఆ తరువాత గోల్కొండ సుల్తానులు వచ్చారు, ఆర్కాటు నవాబులు వచ్చారు. కొండ మీది మసీదులోని పారశీక శాసనాలు ఆ మసీదును కట్టించినవాడు, పక్కన తోట వేయించినవాడు షేక్ హుస్సేన్ అని చెబుతాయి. రాజుల పేరుతో యుద్ధాలు, ముట్టడులు మనం బడిలో చదువుకున్నాం గానీ, కొండ మీద మొక్కలు నాటించిన మనిషి పేరు కూడా రాతి మీద నిలిచి ఉండటం నాకు అంతకంటే విలువైన సంగతిగా తోస్తుంది.

ఆ కొండ కింది ఊళ్లో ఇవాళ చెక్క చెక్కేవారిలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవారు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. చుట్టుపక్కల దుర్గంపల్లి కొండల్లో దొరికే బిక్కి, నర్ది, కల్ది వంటి చెట్ల కర్ర వాడతారు. కర్రను కావలసిన పొడవుకు కోసి, పైపైన రూపం తెచ్చి, ఉలితో గుంట తొలిచి, ఆకురాయితో అంచులు సరిచేసి, చివరికి ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. నేను కొన్న ఇంటి వసారాలో ఒకామె గోడకు ఆనుకుని కూర్చుని, చెంచా కాడను రెండు పాదాల మధ్య బిగించి, గుంటను అంచు నుంచి లోపలికి తొలుస్తూ ఉంది. నాలుగు రేకులు లేచిన ప్రతిసారీ ఆగి, లోపల బొటనవేలు, బయట చూపుడువేలు పెట్టి మందం చూసుకునేది తప్ప కొలబద్ద ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్లతో ఉర్దూలోనూ నాతో అచ్చమైన నెల్లూరు తెలుగులోనూ మాట్లాడుతూ, "కడిగినాక ఎండలో పెట్టబాకక్కా, పగుల్తాది. నీడన ఆరబెట్టి కాస్త నూనె పూయండి" అని జాగ్రత్త చెప్పింది. ఆ జాగ్రత్త పాటించినంతకాలం గరిటెలు పగలలేదు.

ఇక పనితనం. సంగటి తెడ్డుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. రాగి సంగటి గట్టిపడేటప్పుడు ఎంత బలంగా కలియబెట్టినా కాడ వంగలేదు, చేతికి వేడి తగలలేదు, నాన్‌స్టిక్ గిన్నె అడుగున గీత పడలేదు. చేపల పులుసును మన ఇళ్లలో గరిటెతో కలపరు, దాకను రెండు చేతులా పట్టి తిప్పుతారు. కానీ వడ్డించేటప్పుడు ముక్క చెదరకుండా తీయడం అసలు కష్టం. ఈ పులుసు గరిటె గుంట లోతు తక్కువగా, అంచు పలుచగా ఉండటం వల్ల ముక్క కిందికి సులువుగా దూరి, కొర్రమీను ముక్కను విరగకుండా పైకి తెస్తుంది. అయితే చింతపండు పులుసులో గరిటెను వదిలేయకూడదు. పసుపు మరక పోదు, చేపల వాసన కూడా కొంత నిలుస్తుంది కాబట్టి పులుసుకు ఒక గరిటె విడిగా పెట్టుకోవడం మేలు. మొదట్లో కడిగిన ప్రతిసారీ నార లేచి గరుకుగా అనిపిస్తుంది. ఆరిన తరువాత సన్న ఉప్పుకాగితంతో రుద్ది నూనె పట్టిస్తే అది తగ్గిపోయింది.

ఫోర్కుల విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ముళ్లు సన్నగా, అందంగా చెక్కారు గానీ, గట్టి ముక్కకు గుచ్చి తిప్పితే నార వెంబడి చీలిపోతాయి. మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది. పండ్ల ముక్కలకు తప్ప వాటిని వాడకపోవడం మంచిది.

మరొక మాట కొనేవారి కోసం. నెల్లూరులో ఒక దుకాణంలో ఉదయగిరివని చెప్పి నాకు అమ్మిన చెంచాలు యంత్రం మీద తీసినవని తరువాత తెలిసింది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. యంత్రపు చెంచా గుంటలో ఒకే కొలతతో గుండ్రటి గీతలు ఉంటాయి, జోడులో రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. చేతి పనిలో గుంట మీద ఉలి జాడలు చిన్నచిన్న పలకలుగా వేలికి తగులుతాయి, జోడులో ఒకటి కాస్త పొడవో వెడల్పో ఉంటుంది. దుకాణం ధరలో చేతి పని చేసినవారికి చేరేది ఎంతో తెలుసుకునే వీలు కొనేవారికి లేదు గనుక, అవకాశం ఉన్నవారు ఉదయగిరి వెళ్లి పనివారి దగ్గరే కొనాలని నా సలహా. బేరం మాత్రం ఆడవద్దు. ఒక్క చెంచా వెనుక ఎంత సేపటి శ్రమ ఉందో చూసిన తరువాత నాకు నోరు రాలేదు.

అమ్మేవారిని నేను కోరేది కూడా ఒకటుంది. ఏ కర్రతో చేశారో, ఎవరు చెక్కారో, ఆ ఊరు ఏమిటో తెలిపే చిన్న చీటీ కూడా లేకుండా వీటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇస్తున్నారు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకునే జనం ఎదుటివారి మతం అడగరు. అటువంటి జిల్లాలో, గజపతులు, రాయలు, సుల్తానులు ఏలిన కొండ నీడన తయారైన వస్తువును దూరప్రాంతాలవారికి ఇచ్చేటప్పుడు తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు వాక్యాలు అచ్చు వేయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

మొదటిసారి కొనేవారు సంగటి తెడ్డు, పులుసు గరిటె తీసుకుంటే చాలు. చిన్నపిల్లలున్న ఇంటికి చెంచాలు కూడా పనికొస్తాయి, అంచులు నునుపుగా ఉన్నాయో లేదో పెదవికి ఆనించి చూసి ఎంచుకోండి.