ఫౌండేషన్ సెట్ కొనుక్కోండి, పెట్టె మీది నంబర్లు మాత్రం పట్టించుకోకండి

సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ ఫౌండేషన్ నవలలు ఏడూ ఒకే సెట్‌గా తెప్పించుకున్నా. పుత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో పోయొచ్చేవాణ్ణి, నా చదువంతా అందులోనే. అక్షరాలు మరీ సన్నం, సాయంత్రం కిటికీ సీటు దొరక్కపోతే కష్టమే. బైండింగ్ గట్టిదే, ఇంతవరకు ఒక్క పేజీ ఊడలేదు.

నా పేచీ అంతా వరసతోనే. ఒకటో నంబరు 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్'కి వేశారు. కథాకాలం ప్రకారం అది ముందుదే, కానీ రాసింది 1988లో. అందులోని ముందుమాటలో అసిమోవే కథాకాలం లెక్కన ఒక జాబితా ఇచ్చాడు. ఆయనే చెప్పినా సరే, నేనొప్పుకోను. పాత పుస్తకాలు చదివినవాళ్లకు పేలాల్సిన గుట్టు అందులో ఉంది. ముందే తెలిసిపోతే ఇంకేముంది?

1951 నాటి 'ఫౌండేషన్'తో మొదలుపెట్టండి. దాని వెంటే 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్', 'సెకండ్ ఫౌండేషన్'. వీటిలో సెల్డన్ అనే గణితవేత్త సైకోహిస్టరీ అనే లెక్కల శాస్త్రంతో భవిష్యత్తు చెబుతాడు, అది గుంపులకే పనిచేస్తుంది. శనివారం అలిపిరిలో జనం ఎంతమందో అంచనా కట్టొచ్చు, ఫలానా ఆయన ఏ మెట్టు మీద కూలబడతాడో చెప్పగలమా? అలాంటి ఒక్క మనిషే మ్యూల్ అనే పాత్ర రూపంలో వచ్చి లెక్కంతా తారుమారు చేస్తాడు.

అక్కడ ఆగి, ఇదే లోకంలో ఎంతో ముందు జరిగే అసిమోవ్ రోబో నవలలకు పోవాలి. అవి సెట్‌లో లేవు, విడిగా కొనాల్సిందే. 'ద కేవ్స్ ఆఫ్ స్టీల్' (1954)లో ఆకాశం చూస్తేనే బెదిరిపోయే డిటెక్టివ్ బేలీ, పక్కన డానీల్ అనే రోబో. 'ద నేకెడ్ సన్' (1957)లో సొలేరియా గ్రహం, జనాభా మొత్తం 20,000. ఒకరి ముందు ఒకరు కూర్చోవడమంటేనే వాళ్లకు రోత. వేల ఏళ్ల తర్వాతి 'ఫౌండేషన్ అండ్ ఎర్త్'లో ఆ గ్రహం ఏమైందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కానీ 'నేకెడ్ సన్' చదివుంటేనే.

'రోబోట్స్ అండ్ ఎంపైర్' (1985) అసలు ముడి. అసిమోవ్ తన రోబోలకు పెట్టిన మూడు సూత్రాలు ఒక్కో మనిషిని కాపాడేవి. ఇందులో పుట్టే జీరోత్ సూత్రం మొత్తం మానవజాతిని కాపాడమంటుంది. గుంపా, మనిషా? సెల్డన్ తంటా ఇక్కడ రోబోల నెత్తికెక్కింది. ఇది అయ్యాకే 'ఫౌండేషన్స్ ఎడ్జ్', 'ఎర్త్' తీయండి.

ఇదే లోకంలో అసిమోవ్ విడిగా రాసిన ఎంపైర్ నవలలు మూడూ తీరిక ఉంటేనే. 'ప్రిల్యూడ్', ఆయన పోయాక 1993లో వచ్చిన 'ఫార్వర్డ్ ద ఫౌండేషన్' చిట్టచివరికి.

నాలుగు స్టార్లు. కోత ఆ నంబర్లకే.