తెరచాపల యుద్ధాలకు ఏ రూల్స్ మంచివి? మూడు సెట్లు ఏళ్ల తరబడి ఆడాక నా అభిప్రాయం

తెరచాప ఓడల వార్‌గేమ్ (టేబుల్ మీద ఆడే యుద్ధాల ఆట) కొనేవాళ్లు ముందు ఫిరంగుల పట్టిక తిరగేస్తారు. ఎన్ని పౌండ్ల గుండు, ఎంత దూరం, ఎంత నష్టం అని. నేను మాత్రం ముందు గాలి గురించి ఏం రాశారో చూస్తాను. చదరపు తెరచాపల ఓడ గాలి ఎటునుంచి వస్తుందో ఆ దిక్కుకు సుమారు 67 డిగ్రీల కంటే దగ్గరగా సాగలేదు. ఆ కాలపు కెప్టెన్ల ఎత్తుగడలన్నీ ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరిగినవే. గాలికి ఎగువన ఉన్నవాడు ఎప్పుడు మీదపడాలో తానే తేల్చుకుంటాడు. దిగువన ఉన్నవాడికి జారుకోవడం సులువు. ఈ తేడా ఆటలో తెలియకపోతే, తెరచాపలు కట్టిన ట్యాంకులతో ఆడినట్టే ఉంటుంది.

నేను ఎక్కువగా ఆడినవి మూడు: ఉడెన్ షిప్స్ అండ్ ఐరన్ మెన్, సెయిల్స్ ఆఫ్ గ్లోరీ, బ్లాక్ సీస్.

మొదటిది ఎస్. క్రెయిగ్ టేలర్ తయారుచేసిన ఆట. 1974లో వచ్చింది, తర్వాత ఆవలాన్ హిల్ కంపెనీ తీసుకుని ప్రచారంలోకి తెచ్చింది. ఆరు మూలల గడుల మ్యాపు, అట్టముక్కల ఓడలు, చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. కానీ ఇద్దరూ తమ కదలికలను కాగితం మీద రహస్యంగా రాసుకుని ఒకేసారి బయటపెట్టాలి. నాకు ప్రాణం అక్కడే ఉంది. ఎదుటివాడు ఎటు తిప్పుతాడో తెలియకుండానే మన చుక్కాని తిప్పేశాం. రెండు ఓడలు ఒకే గడిలోకి వస్తే ఢీకొని, తాళ్లూ తెరచాప కొయ్యలూ చిక్కుపడి, చివరికి కత్తులతో తేల్చుకోవాల్సి రావచ్చు. నిజమైన కెప్టెన్‌కు ఉండే టెన్షన్ ఇదే. ఆర్డరు ఇచ్చాక ఓడ తిరగడానికి సమయం పడుతుంది, ఈలోగా అంతా మారిపోతుంది. దీని లోపం లెక్కలు. మనిషికి మూడు నాలుగు ఓడలు దాటితే ఆట కన్నా కాగితాల పని ఎక్కువవుతుంది.

సెయిల్స్ ఆఫ్ గ్లోరీ 2013లో ఆరేస్ గేమ్స్ నుంచి వచ్చింది. రంగులు వేసిన ఓడలు పెట్టెలోనే ఉంటాయి. ఇక్కడా ఎత్తు రహస్యమే, కాకపోతే కాగితం బదులు కార్డు బోర్లా పెడతాం. ఓడ పీఠం చుట్టూ ఉన్న రంగులు చూస్తే గాలి మనకు అనుకూలమో కాదో కొత్తవాళ్లకు కూడా వెంటనే అర్థమవుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది సిబ్బందికి సంబంధించిన అడ్వాన్స్‌డ్ రూల్. మనుషులు కొద్దిమందే ఉంటారు, పనులేమో చాలా. ఫిరంగులు నింపాలి, తెరచాపలు సర్దాలి, నీళ్లు తోడాలి, మంట ఆర్పాలి. దెబ్బ తిన్నకొద్దీ చేతులు తగ్గిపోతాయి. ఒకవైపు ఫిరంగులు పేల్చేసి, నింపడానికి మనుషులు చాలక ఖాళీగా నిలబడితే గుండె దడదడలాడుతుంది. కానీ టేబుల్ నిండా చిన్నచిన్న బిళ్లలే. ఎవరి మోచెయ్యి తగిలినా సంగతులన్నీ కలిసిపోతాయి.

బ్లాక్ సీస్ 2019లో వార్‌లార్డ్ గేమ్స్ తెచ్చింది. అందంలో దీనికి సాటి లేదు. ఓడలు 1:700 స్కేలులో పెద్దగా ఉంటాయి, తాళ్లు మనమే దారంతో కట్టుకోవాలి. ఆరుగురు కూర్చున్నా ఆట చకచకా సాగుతుంది. నా అభ్యంతరం ఒక్కటే, అయితే అది పెద్దదే: ఓడలు ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి. ఎదుటివాడు ఎక్కడ ఆగాడో చూసి మరీ మనం కదలొచ్చు. దాంతో శత్రువు వెనుక భాగంలోంచి ఓడ పొడవునా గుండ్లు పంపే రేకింగ్ దెబ్బ చవకైపోతుంది. అసలది ఎంతో కష్టపడితే దక్కాల్సిన అవకాశం. అందుకే మేం రౌండు మొదట్లోనే తెరచాప స్థాయి, తిరిగే దిక్కు చీటీ మీద రాసి పెట్టుకుంటున్నాం. దాంతో ఆట చాలా బాగుపడింది.

ఏ రూల్స్ అయినా నేను 1804 సెప్టెంబరు 15 విశాఖపట్నం పోరుతో పరీక్షిస్తాను. మన తీరం ముందే జరిగిందన్న అభిమానం ఎలాగూ ఉంది, కానీ పరీక్షగా కూడా అది గట్టిదే. 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్, రెండు వ్యాపార నౌకలతో విశాఖ దగ్గర లంగరు వేసి ఉంది. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి 74 ఫిరంగుల మరెంగోతో పాటు అటలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లతో (చిన్న, వేగమైన యుద్ధనౌకలతో) వచ్చాడు. వ్యాపార నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుని పగిలింది, ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు, లినోయి వెనుదిరిగాడు.

ఫిరంగులు లెక్కపెడితే ఫ్రెంచివాళ్లదే గెలుపు. మామూలుగా ఆడితే ప్రతిసారీ వాళ్లే గెలుస్తారు కూడా. అయితే లినోయికి దగ్గరలో ఆసరా ఏది? ఫ్రెంచి స్థావరం ఎక్కడో మారిషస్‌లో ఉంది. మరెంగో పెద్ద కొయ్య విరిగితే ఇక్కడ మార్చుకునే చోటు లేదు. ఆ భయాన్ని గెలుపు షరతుల్లోకి తేవాలి. ఫ్రెంచి ఓడ ఏదైనా కొయ్య కోల్పోతే ఓటమి కింద లెక్క అని మేం పెట్టుకున్నాం. అప్పటి నుంచి ఫ్రెంచి ఆటగాడు లినోయిలాగే ఆచితూచి వస్తున్నాడు. ఈ పోరు సెయిల్స్ ఆఫ్ గ్లోరీలో అన్నిటికన్నా బాగా కుదిరింది. లంగరు రూల్ మేమే రాసుకున్నాం. తెరచాపల పని లేదు కాబట్టి సెంచూరియన్ సిబ్బంది అంతా ఫిరంగుల దగ్గరే ఉంటారు.

ఇద్దరే ఆడేవాళ్లు ఉండి, ఓపిక ఉంటే ఉడెన్ షిప్స్ పాత కాపీ వెతుక్కోండి. ఇంట్లో పిల్లలతో, కొత్తవాళ్లతో అయితే సెయిల్స్ ఆఫ్ గ్లోరీ. మోడళ్లు కట్టి రంగులు వేయడం ఇష్టమైతే బ్లాక్ సీస్, కానీ చీటీల పద్ధతి కలుపుకోండి. 1782 జులైలో నాగపట్నం దగ్గర ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రెన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ తలపడ్డ యుద్ధం ఆడాలని నాకు ఎంతో ఆశ. ఒక్కో పక్షానికి 11 ఓడలు, మధ్యలో గాలి ఒక్కసారిగా మారి రెండు వరుసలూ చెదిరిపోయాయి. కానీ ఇద్దరు మనుషులతో అంత పెద్ద యుద్ధాన్ని ఈ మూడింటిలో దేనితోనూ ఒక్క సాయంత్రంలో ముగించడం కుదరదు.