లైవ్ క్లాసా, రికార్డు వీడియోనా: దసరా సెలవుల్లో పదో తరగతికి ఏది మేలు?

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే నాకు ఒకే ప్రశ్నతో ఫోన్లు మొదలవుతాయి. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి నల్గొండ జిల్లాలో దేవరకొండ, చందంపేట, నేరెడుగొమ్ము వైపు చేరిన కొత్త టీచర్లే ఎక్కువగా అడుగుతున్నారు. "మేడమ్, సెలవుల్లో టెన్త్ పిల్లలకు ఆన్‌లైన్ల చెప్దామనుకుంటున్న. లైవ్ పెట్టాల్నా, వీడియో చేసి గ్రూపుల ఎయ్యాల్నా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. నాది గణితం. సోషల్ వాళ్లకూ తెలుగు వాళ్లకూ లెక్క కొంచెం మారొచ్చు.

ముందు వీడియో సంగతి. మన ప్రాంతంలో దాని బలం చిన్నది కాదు. దసరా నాటికి పత్తి ఏరడం మొదలవుతుంది. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ నాయిన జేబులో చేనుకు పోతుంది, చీకటి పడ్డాక తిరిగొస్తుంది. అప్పటికి చార్జింగ్ పది శాతం. వీడియో అయితే పిల్ల తొమ్మిదింటికి చూసుకుంటుంది, లేకపోతే తెల్లారి చూసుకుంటుంది. అర్థం కాని చోట వెనక్కి జరిపి మళ్లీ వింటుంది. సాగర్ బ్యాక్‌వాటర్ వైపు తండాల్లో వాటర్ ట్యాంకు దాకా నడిచి వెళ్లి, అక్కడ డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటికొచ్చి చూసే పిల్లలు నాకు తెలుసు. వాళ్లను లైవ్‌కు రమ్మంటే ట్యాంకు కింద నిలబడి వినాలి.

చేయడానికి పెద్ద సరంజామా కూడా అక్కర్లేదు. రెండు పప్పు డబ్బాలు కొంచెం ఎడంగా పెట్టి, వాటి మీద అడ్డంగా స్కేలు వేసి, దానికి రబ్బరు బ్యాండ్లతో ఫోన్ కట్టేస్తాను. కింద తెల్ల కాగితం, చేతిలో లావు స్కెచ్ పెన్. పెన్ లావుగానే ఉండాలి, డేటా మిగుల్చుకోవడానికి పిల్లలు 144పిలో చూస్తారు మరి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడితే లింకు ఉన్నవాళ్లకే అందుతుంది. ఒక్కో వీడియో ఆరు నిమిషాలు దాటనివ్వను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం ఎక్కువ శ్రద్ధగా చూశారని, స్లైడ్ల కంటే చేత్తో రాస్తూ చెప్పినవి మేలని అందులో తేలింది. మా పిల్లలు అధ్యయనం లేకుండానే ఆ మాట చెప్పారు: "లొల్లి పెద్దగుంటే చూడం మేడమ్."

ఇన్ని మంచి గుణాలున్నా నేను వీడియో పక్షాన లేను. ఎందుకో చెప్తాను.

పోయిన దసరాకు వర్గ సమీకరణాల మీద వీడియో పెట్టాను. క్లాసులో 38 మంది, వీడియోకు 52 వీక్షణలు. మురిసిపోయాను (అందులో ఏడెనిమిది నావేనని తర్వాత గుర్తొచ్చింది). గ్రూపులో వరసగా బొటనవేళ్లు. రెండు రోజుల తర్వాత లైవ్ పెడితే పదకొండు మంది వచ్చారు. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఐదు ఎక్స్ ప్లస్ ఆరు ఈజ్ ఈక్వల్ టు సున్నా ఇచ్చి, మూలాలు కనుక్కుని నోట్‌బుక్ కెమెరాకు చూపించమన్నాను. "ఉల్టా కనవడ్తుంది మేడమ్" అని ఒకడు కంగారు పడ్డాడు. వాడికే అలా కనిపిస్తుంది, మనకు సరిగ్గానే వస్తుంది. ఆ పదకొండు నోట్‌బుక్కుల్లో ఆరింటిలో జవాబు మైనస్ రెండు, మైనస్ మూడు. కారణాంకాలు అందరూ సరిగ్గానే తీశారు. ఎక్స్ మైనస్ రెండు అని రాశాక ఆ మైనస్‌ను అలాగే కిందికి దించేశారు. దాన్ని సున్నాకు సమానం చేయాలన్న మెట్టు నా వీడియోలో నోటితో చెప్పాను గానీ కాగితం మీద రాయలేదు. 52 వీక్షణలు నాకు ఈ ముక్క చెప్పలేదు.

నా వరకు తేల్చేది ఇదే. పిల్లవాడి తప్పు ఎంత తొందరగా నా కంటపడుతుంది? లైవ్‌లో పది సెకన్లలో పడుతుంది.

అయితే లైవ్ అంటే బడిలో చెప్పే పాఠాన్నే ఫోన్ ముందు చెప్పడం అనుకుంటే వీడియోనే నయం. 2020లో నేను చేసింది అదే. నలభై నిమిషాలు నేనే మాట్లాడి, చివర్లో "అర్థమైందా?" అంటే "అర్థమైంది మేడమ్" అని రెండు గొంతులు, వెనక ఎవరింట్లోదో మిక్సీ చప్పుడు. ఆ ప్రశ్న ఇప్పుడు పూర్తిగా మానేశాను. దాని బదులు లెక్క ఇస్తాను, నోరు మూసుకుంటాను. అన్నిటికంటే కష్టంగా నేర్చుకున్నది ఇదే. టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మెరుగవుతాయని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే చూపించింది. అది ఎదురెదురుగా కూర్చున్న క్లాసు మాట. ఫోన్‌లో నెట్ ఆగి ఆగి వస్తుంది, మైకు బొత్తాం వెతుక్కోవాలి. పది సెకన్లు లోపల లెక్కపెట్టుకుంటాను. మొదట్లో గంటలా ఉంటుంది.

ఒకటి రెండు కిటుకులు. చిన్న జవాబులైతే చాట్‌లో టైప్ చేయమంటాను కానీ నేను మూడు అనేదాకా పంపొద్దంటాను. లేకపోతే క్లాసులో చురుకైన పిల్ల ముందే పెట్టేస్తుంది, మిగతావాళ్లు అదే దించేస్తారు. కెమెరాలు నోట్‌బుక్ చూపించే పది సెకన్లే ఆన్. అందరివీ గంటసేపు ఉంచితే రోజువారీ ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో పెద్ద ముక్క పోతుంది, ఇంట్లో తిట్లు పిల్లలకు పడతాయి. 38 మందిని ఒకేసారి పిలవను. పన్నెండు, పదమూడు మందిని మూడు బ్యాచ్‌లుగా, ఒక్కోటి ఇరవై ఐదు నిమిషాలు. రోజుకో బ్యాచ్, అంటే ఒక్కో బ్యాచ్‌కు మూడు రోజులకోసారి.

ఏ యాప్ అని కూడా అడుగుతారు. ఉచితంగా జూమ్ గ్రూపుకు 40 నిమిషాలిస్తుంది, గూగుల్ మీట్ 60. ఇరవై ఐదు నిమిషాల క్లాసుకు ఏదైనా ఒకటే.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ డేటా ఎక్కువ తినదు, ఇంటి పనుల మధ్య కూడా వినొచ్చు. కానీ త్రిభుజాన్ని వాయిస్‌లో ఎలా గీస్తాం? 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో వచ్చినట్లు టీవీ పాఠాలు అసలు నెట్ లేని ఇంటికి పనికొస్తాయి. వాటి గురించి అంతకంటే చెప్పేదేం లేదు.

ఈసారి నేను చేసేది: పొద్దున ఆరు నిమిషాల వీడియో, రాత్రి ఎనిమిదింపావుకు ఒక బ్యాచ్‌తో లైవ్. ఫోన్ దొరకని పిల్లలు నోట్‌బుక్ పేజీ ఫొటో తెల్లారేలోపు నాకు విడిగా పంపాలి, గ్రూపులో కాదు. టైమ్ తక్కువుండి రెండిట్లో ఒకటే చేయగలమంటే, వీడియో వదిలేసి లైవ్ పెట్టండి. పది మందే వచ్చినా సరే.

ఎంగిలిపూల నాడు, సద్దుల నాడు మాత్రం వీడియోతో సరిపెట్టండి. ఆ రెండు రాత్రులూ బతుకమ్మ వదిలి పిల్లలు రారు. నేనూ రాను.